తగరం స్లాగ్‌లో టాంటలంతో పాటు థోరియం ఉంటే: లోహం తీసే ముందు వేయాల్సిన లెక్క

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పాత తగరం స్మెల్టర్ (ఖనిజాన్ని కరిగించి లోహం తీసే కర్మాగారం) వదిలేసిన స్లాగ్ (లోహం తీశాక మిగిలే చిట్టెం) కుప్ప ఒకటి మీ చేతికి వచ్చేలా ఉంది. ల్యాబ్ రిపోర్టు ప్రకారం టాంటలం ఆక్సైడ్, నియోబియం ఆక్సైడ్ చెరో 3 శాతం, కొద్దిగా రేర్ ఎర్త్స్ (లాంథనం లాంటి అరుదైన మృత్తిక లోహాలు), వాటితో పాటు థోరియం 1,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి), యురేనియం 300 పీపీఎం ఉన్నాయి. కుప్ప మీద మీటరు ఎత్తులో పట్టుకుంటే గైగర్ మీటర్ మామూలు కంటే రెట్టింపే చూపించింది కాబట్టి రేడియేషన్ గురించి టెన్షన్ అక్కర్లేదని మీ కన్సల్టెంట్ అన్నారు. స్లాగ్‌ను హైడ్రోఫ్లోరిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్లతో కరిగించి, సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌తో (ఒక ద్రావకంలోకి లాగి) రెండు లోహాలనూ వేరు చేసి, మిగిలిన మడ్డిని పాండ్‌లోకి వదిలే ఫ్లోషీట్ (దశలవారీ ప్రక్రియ పటం) ఒకటి ఇచ్చారు. ఇది చేయదగిన పనేనా, రేర్ ఎర్త్స్ కూడా తీస్తే ఇంకాస్త గిట్టుబాటు అవుతుందా అని అడిగారు.

లోహం తీయడం సాధ్యమే, అందులో కొత్తేమీ లేదు. ఒక కాలంలో ప్రపంచానికి కావలసిన టాంటలంలో పెద్ద వాటా మలేషియా, థాయిలాండ్ తగరం స్మెల్టర్ల స్లాగ్ నుంచే వచ్చింది. మీ ఫ్లోషీట్‌లో వాడిన రసాయన పద్ధతీ పాతదే, నమ్మదగినదే. నాకు కనిపించిన లోపం వేరే ఉంది. టాంటలం ఏ దశలో ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో ప్రతి గడిలో అంకె వేశారు. థోరియం, రేడియం, సీసం-210 ఎటు పోతాయో ఒక్క గడిలో కూడా వేయలేదు. నా దృష్టిలో అది సగం ఫ్లోషీట్ మాత్రమే. యాసిడ్ పోసినా, కాల్చినా, వడకట్టినా రేడియోధార్మికత ఒక్క బెక్వెరెల్ (సెకనుకు ఒక విఘటన) కూడా తగ్గదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుందంతే. మారేటప్పుడు చాలాసార్లు చిన్న పరిమాణంలోకి చేరి గాఢమవుతుంది. కుప్పగా ఉన్నప్పుడు ఓ మోస్తరుగా ఉన్న పదార్థం, మీరు లోహం తీశాక కొన్ని డ్రమ్ముల్లో చాలా తీవ్రంగా తయారవచ్చు. ఆ డ్రమ్ములు ఎక్కడికి వెళ్తాయో ముందే తేలకపోతే పని మొదలుపెట్టకండి.

ముందు ఆ మీటర్ రీడింగ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరిచ్చిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

ఒక గ్రాము థోరియం-232లో సెకనుకు సుమారు 4,060 విఘటనలు జరుగుతాయి, ఒక గ్రాము యురేనియం-238లో సుమారు 12,400. అంటే మీ స్లాగ్‌లో ప్రతి గ్రాముకూ థోరియం వల్ల 4.06 బెక్వెరెల్, యురేనియం వల్ల 3.7 బెక్వెరెల్. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాణాల్లో, సహజ థోరియం, యురేనియం వరుసలకు (ఒకటి విఘటన చెంది ఇంకోటిగా మారే మూలకాల గొలుసులకు) నియంత్రణ మొదలయ్యే గీత గ్రాముకు 1 బెక్వెరెల్ దగ్గర ఉంది. పీపీఎంలో చెబితే థోరియం 246, యురేనియం 81. మీ స్లాగ్ రెండు గీతలనూ దాటేసింది. కాబట్టి ఇది లైసెన్స్ అవసరమా అని ఆలోచించే స్థితిలో లేదు. మీ దేశపు అణు నియంత్రణ సంస్థకు చెప్పి తీరాల్సిన సరుకు.

ఇక డోసు. ఇలాంటి పదార్థం విశాలంగా పరుచుకుని ఉంటే మీటరు ఎత్తులో ఎంత గామా వస్తుందో లెక్కించే గుణకాలు ఉన్నాయి. కిలోకు 1,000 బెక్వెరెల్ చొప్పున థోరియం వరుస అయితే గంటకు 0.6 మైక్రోగ్రే (రేడియేషన్ డోసు కొలత), యురేనియం వరుస అయితే 0.46 మైక్రోగ్రే. ఆ లెక్కన మీ కుప్ప మీద గంటకు సుమారు 4 మైక్రోగ్రే రావాలి. మామూలు నేల మీద చాలా చోట్ల గంటకు 0.1 దగ్గర ఉంటుంది కాబట్టి, మీకు ముప్పై నలభై రెట్లు కనిపించాలి. రెట్టింపే కనిపించిందంటే ఏదో తేడా ఉంది. కుప్ప పైన మట్టి కప్పి ఉండవచ్చు, లేదా ల్యాబ్‌కు వెళ్లిన శాంపిల్ కుప్పలో ఒక మూల నుంచి ఏరిన ముక్కలు కావచ్చు, లేదా మీటర్‌ను ఎప్పుడూ కాలిబ్రేట్ చేసి ఉండకపోవచ్చు. శాంపిలే తప్పయితే మీ టాంటలం అంకె కూడా తప్పే. అందుకే ఈ తేడాను రేడియేషన్ విషయంగా మాత్రమే చూడకండి, మీ పెట్టుబడి లెక్క మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

మీటర్ సరిగ్గా పనిచేసినా అది చెప్పేది గామా గురించే. థోరియం వరుసలో ఆరు ఆల్ఫా కణాలు, యురేనియం-238 వరుసలో ఎనిమిది ఆల్ఫా కణాలు వెలువడతాయి. అవి చర్మం పై పొర కూడా దాటలేవు, మామూలు గైగర్ ట్యూబు గోడ కూడా దాటలేవు. పీల్చిన దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే వాటితో అసలు నష్టం. స్లాగ్‌ను పొడి చేసే చోట పనిచేసేవారికి వచ్చే డోసులో ఎక్కువ భాగం తరచుగా ఈ దారినే వస్తుంది. గంటకు ఎన్ని మైక్రోసీవర్ట్ (ఇదీ డోసు కొలతే) అని చూసి నిశ్చింతగా పొడి గ్రైండింగ్ పెట్టుకున్న చోట్లు చూశాను. నీళ్లతో తడిపి గ్రైండ్ చేయడం, మిల్లు దగ్గర గాలిని పీల్చే ఏర్పాటు, మనుషుల కాలర్ దగ్గర పెట్టే ఎయిర్ శాంప్లర్లు మొదటి రోజు నుంచే ఉండాలి.

థోరియం, యురేనియం అనగానే రెండు మూలకాలే అనుకుంటాం. నిజానికి మీరు వ్యవహరించాల్సింది రెండు వరుసలతో. థోరియం-232 నుంచి రేడియం-228, ఆక్టీనియం-228, థోరియం-228, రేడియం-224, థోరాన్ వాయువు (రేడాన్‌లోనే ఇంకో రకం), సీసం-212, బిస్మత్-212, థాలియం-208 ఇలా దిగుతుంది. యురేనియం-238 నుంచి థోరియం-230, రేడియం-226, రేడాన్, సీసం-210, పొలోనియం-210. కదపకుండా ఉన్న ఖనిజంలో ఇవన్నీ ఒకే స్థాయి రేడియోధార్మికతతో ఉంటాయి (థాలియం-208 మాత్రం మూడో వంతు దగ్గర). తల్లి మూలకం ఎన్ని బెక్వెరెల్ ఉందో, దాని నుంచి పుట్టిన మిగిలిన ప్రతి సంతతీ అన్నే. కానీ రసాయన చర్య మొదలుపెట్టగానే ఎవరి దారి వారిది. రేడియం బేరియంలా, కాల్షియంలా ప్రవర్తిస్తుంది. ఆక్టీనియం లాంథనం వెంట పోతుంది. సీసం సీసమే కాబట్టి సల్ఫైడ్‌గా దిగుతుంది, కొలిమిలో ఆవిరై దుమ్ములో తేలుతుంది. పొలోనియం ఇంకా తేలిగ్గా ఆవిరవుతుంది. తెలిసిన మూలకాల రసాయన గుణాలను బట్టి వీటి గమ్యాన్ని చాలా వరకు ముందే చెప్పవచ్చు. అందుకే ఫ్లోషీట్‌లో ఆ గడులు ఖాళీగా వదలడానికి సాకు ఏమీ లేదు.

ఈ పని చరిత్ర కూడా ఇక్కడే మొదలైంది. బొహీమియాలోని యాఖిమోవ్‌లో పిచ్‌బ్లెండ్ (యురేనియం ఖనిజం) నుంచి యురేనియం తీసేసి పారేసిన మడ్డినే మేరీ క్యూరీ తెప్పించుకున్నారు. టన్నుల కొద్దీ మడ్డిని మరగబెట్టి, బేరియంతో పాటు రేడియంను దింపి, క్లోరైడ్ స్ఫటికాలుగా మళ్లీ మళ్లీ వేరు చేసి, 1902 నాటికి 0.1 గ్రాము రేడియం క్లోరైడ్ సంపాదించారు. ఆమె సహచరుడు ఆంద్రే దెబియెర్న్ 1899లో ఆక్టీనియంను గుర్తించింది కూడా పిచ్‌బ్లెండ్ మడ్డిలోనే. అంటే రేడియోధార్మిక పారిశ్రామిక వ్యర్థం నుంచి తీసిన మొదటి విలువైన లోహం రేడియమే. ఈ రోజు మనం ప్లాంట్‌లో రేడియంను వదిలించుకోవడానికి వాడే మెళకువ కూడా అదే: బేరియంతో కలిపి సల్ఫేట్‌గా దించడం. ఆమె దాచుకోవడానికి తీశారు, మనం తప్పించుకోవడానికి తీస్తున్నాం.

ఇప్పుడు మీ ఫ్లోషీట్‌లో ఏం జరుగుతుందో చూడండి. హైడ్రోఫ్లోరిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్ల మిశ్రమంలో టాంటలం, నియోబియం ఫ్లోరైడ్ సంక్లిష్టాలుగా కరుగుతాయి. థోరియం ఫ్లోరైడ్ కరగదు. నాలుగో వాలెన్సీలో ఉన్న యురేనియం ఫ్లోరైడ్, రేర్ ఎర్త్ ఫ్లోరైడ్లు, కాల్షియం ఫ్లోరైడ్ కూడా కరగవు. రేడియం కాల్షియంతో, సల్ఫేట్‌తో పాటు మడ్డిలోనే ఉండిపోతుంది. ఇంతవరకు పరిస్థితి మీకు అనుకూలమే, ఎందుకంటే ద్రావణం చాలా వరకు శుభ్రంగా వస్తుంది. మిథైల్ ఐసోబ్యూటైల్ కీటోన్ ఆ ద్రావణం నుంచి టాంటలం, నియోబియంలను లాగేటప్పుడు మిగిలిన అపరిశుభ్రాలను పెద్దగా పట్టించుకోదు. అయితే యురేనియంలో కొంత భాగం ఆరో వాలెన్సీలో ఉంటే అది ద్రావణంలోకి వచ్చి, లోహాలు తీశాక మిగిలిన యాసిడ్ నీళ్లలో చేరుతుంది. ఆ నీళ్లను సున్నంతో తటస్థం చేసినప్పుడు ఫ్లోరైడ్ బురదలోకి దిగుతుంది. మీ కన్సల్టెంట్ ఆ బురదను మామూలు రసాయన వ్యర్థంగా లెక్కించారు. కొలవకుండా అలా రాయకూడదు.

అంకెలతో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 100 టన్నుల స్లాగ్ తీసుకోండి. అందులో 100 కిలోల థోరియం, 30 కిలోల యురేనియం ఉన్నాయి. థోరియం వరుసలో ప్రతి సంతతికీ 40 కోట్ల బెక్వెరెల్. కరగని మడ్డి బరువు స్లాగ్‌లో సగం ఉంటే అందులో థోరియం గ్రాముకు 8 బెక్వెరెల్‌కు చేరుతుంది. మడ్డి 20 టన్నులకు తగ్గితే 20. ఇది ఇంకా అదుపులో ఉన్న పరిస్థితే. కానీ ఎక్కడో ఒక దశలో రేడియం విడిగా కదిలి, 200 కిలోల బేరియం సల్ఫేట్ బురదలోకో పైపుల్లో పేరుకున్న గారలోకో చేరిందనుకోండి. అదే 40 కోట్ల బెక్వెరెల్ రేడియం-228 ఇప్పుడు గ్రాముకు 2,000 బెక్వెరెల్. స్లాగ్‌తో పోలిస్తే 500 రెట్లు. రేడియం-228 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 5.75 ఏళ్లు కాబట్టి కొన్ని దశాబ్దాల్లో తగ్గుతుంది. దానితో పాటే దిగే రేడియం-226ది 1,600 ఏళ్లు.

ఇలాంటి బురద ఎలా ఉంటుందో చెబుతాను. నేను పనిచేసిన ఒక రేర్ ఎర్త్స్ ప్లాంట్‌లో రేడియం దించే ట్యాంకు ఉండేది. క్లోరైడ్ ద్రావణంలో బేరియం క్లోరైడ్, కొద్దిగా సల్ఫేట్ వేయగానే తేటగా ఉన్న ద్రావణం తెల్లగా మారేది. దాన్ని ఫిల్టర్ ప్రెస్‌లోకి పంపితే ప్లేట్ల మధ్య పల్చటి కేక్ దిగేది. మొత్తం ఉత్పత్తితో పోలిస్తే అది లెక్కలోకి రానంత బరువు. షిఫ్టువాళ్లు ప్రెస్ విప్పి కేక్‌ను పొడవాటి గరిటెలతో గీకి డ్రమ్ములోకి తోసేవారు, సీసపు తొడుగున్న డ్రమ్ము అది. అంతవరకు బాగానే ఉంది. ఫిల్టర్ గుడ్డలు మాత్రం ఉతికి మళ్లీ వాడేవారు, చిరిగినవి మూటగట్టి గోడ వారన పెట్టేవారు. ఆ గోడకు అవతలి వైపు షిఫ్టు మధ్యలో జనం కూర్చునే బల్ల. గోడ మామూలు రేకు గోడ. సర్వే చేస్తున్నప్పుడు మీటర్ ప్రెస్ దగ్గర పెరిగి, దూరం వెళ్తుంటే తగ్గి, బల్ల దగ్గరికి రాగానే మళ్లీ పెరిగింది. డ్రమ్ముల లెక్క రిజిస్టర్‌లో పక్కాగా ఉంది కానీ గుడ్డల లెక్క ఎక్కడా లేదు. ఆ మూటలను షీల్డింగ్ ఉన్న గదికి మార్చగానే బల్ల దగ్గర రీడింగ్ పడిపోయింది. మీ బ్యాలెన్స్‌లో (ఏది ఎటు పోయిందన్న లెక్కలో) గుడ్డలు, గ్యాస్కెట్లు, పంపు ఇంపెల్లర్లు, ట్యాంకు అడుగున పేరుకున్న గార కూడా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. ప్లాంట్ మూసేసే రోజున ఖర్చు పెట్టించేవి ఇవే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. స్లాగ్ అంటే గాజు లాంటి పదార్థం. రేడియం దాని లోపల బందీగా ఉంటుంది, పుట్టిన రేడాన్ వాయువులో బయటికి వచ్చేది కొంచెమే. అదే స్లాగ్‌ను కరిగించి సన్నటి బురదగా దించినప్పుడు రేడాన్ తేలిగ్గా బయటపడుతుంది. థోరాన్ అర్ధాయువు 56 సెకన్లే కాబట్టి దూరం పోలేదు. రేడాన్-222ది 3.8 రోజులు, మూసిన షెడ్డులో బాగా పేరుకుంటుంది. కుప్ప దగ్గర రేడాన్ కొలిచి తక్కువగా ఉందని, మడ్డి నిల్వ చేసే షెడ్డుకు వెంటిలేషన్ తగ్గించేస్తే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే అవుతుంది.

ఇక రేర్ ఎర్త్స్. నా సలహా సూటిగా చెబుతాను: మీ స్లాగ్‌లో వాటి జోలికి పోకండి. అవి థోరియంతో కలిసి ఫ్లోరైడ్ మడ్డిలో కూరుకుపోయి ఉంటాయి. వాటిని బయటికి తేవాలంటే మడ్డిని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో వేడి చేసి విప్పాలి. అప్పుడు అప్పటిదాకా కదలకుండా ఉన్న థోరియం కూడా కరుగుతుంది. చేతికి వచ్చేది కొంచెం రేర్ ఎర్త్స్, మీద పడేది మొత్తం థోరియం బాధ్యత.

దానికి తోడు ఆక్టీనియం ఉంది. ఆక్టీనియం-227 యురేనియం-235 వరుసలో పుడుతుంది, అర్ధాయువు 21.8 ఏళ్లు. మీ స్లాగ్‌లో అది గ్రాముకు 0.17 బెక్వెరెల్ చొప్పున ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. కానీ అది లాంథనం వెంటే పోతుంది. స్లాగ్‌లో లాంథనం 0.1 శాతం ఉందనుకుంటే, ఆ లాంథనాన్ని శుద్ధి చేసి తీసినప్పుడు ఆక్టీనియం గ్రాము లాంథనానికి 170 బెక్వెరెల్ దాకా చేరవచ్చు. పైగా మొదట్లో కనిపించదు. ఆక్టీనియం-227 వెలువరించేది చాలా బలహీనమైన బీటా. దాని సంతతి థోరియం-227, రేడియం-223 మళ్లీ పెరగడానికి వారాలు, నెలలు పడతాయి. గేటు దగ్గర పరీక్షలో పాసైన లాట్ కొనుగోలుదారు గిడ్డంగిలో ఫెయిల్ అవుతుంది.

దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటిది ఆక్టీనియం-228. అప్పుడే వేరు చేసిన లాంథనం శాంపిల్‌ను గామా స్పెక్ట్రోమీటర్‌లో పెడితే 911 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పీక్ లేస్తుంది. ల్యాబ్‌లో కొత్తవారు రేడియం దాటి వచ్చేసిందని కంగారు పడతారు. శాంపిల్‌ను అలాగే ఉంచి రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ లెక్కించాలి. ఆక్టీనియం-228 అర్ధాయువు 6.15 గంటలే కాబట్టి రేడియం లేకపోతే ఆ పీక్ దాదాపు మాయమవుతుంది. మాయం కాకపోతే మాత్రం రేడియం-228 నిజంగానే దాటి వచ్చింది. ఒకే శాంపిల్‌ను ఒకసారి లెక్కించి రిపోర్ట్ రాసే ల్యాబ్ ఈ రెండు సందర్భాలనూ విడదీయలేదు. రెండుసార్లు, వీలైతే మూడు నెలల తర్వాత మూడోసారి లెక్కించే ల్యాబ్‌ను వెతకండి.

మరి టాంటలం సంగతి? కుప్ప పెద్దదైతే నేను మీ ఫ్లోషీట్‌కు ముందు ఒక కొలిమి దశ చేరుస్తాను. తక్కువ గ్రేడ్ స్లాగ్‌ను కార్బన్‌తో ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో క్షయకరణం చేస్తే (ఆక్సిజన్ తీసేస్తే) టాంటలం, నియోబియం ఇనుముతో కలిసి లోహంలోకి దిగుతాయి. థోరియం ఆక్సైడ్ చాలా స్థిరమైనది, ఆ పరిస్థితుల్లో లొంగదు, కొత్త స్లాగ్‌లోనే మిగిలిపోతుంది. తర్వాత ఆ లోహాన్ని ఆక్సీకరించి ఎక్కువ గ్రేడ్ కాన్సంట్రేట్ చేసి, దాన్నే యాసిడ్‌లోకి పంపుతారు. ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే థోరియం, రేడియం మొదట ఉన్నట్టే గాజులో బందీగా, దాదాపు అదే గాఢతలో ఉండిపోతాయి. గ్రాముకు 4 ఉన్నది కాస్త పెరిగి 5 అవుతుందేమో. వేల బెక్వెరెల్ బురద పుట్టదు, రేడాన్ పెద్దగా బయటికి రాదు. యాసిడ్ కూడా చాలా తక్కువ ఖర్చవుతుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడకం తగ్గడం ఒక్కటే చాలు ఈ దారి ఎంచుకోవడానికి. మీ ప్లాంట్‌లో ఒక మనిషిని ఒక్క రోజులో చంపగలిగేది అదే, థోరియం కాదు. అరచేతి వెడల్పు చర్మం మీద గాఢమైన యాసిడ్ పడినా రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగవచ్చు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ప్రతి పాయింట్‌లో ఉండాలి, దాన్ని వాడటం ప్రతి మనిషికీ తెలిసి ఉండాలి.

కొలిమి దారిలో కనిపెట్టి చూడాల్సింది దుమ్ము. సీసం-210, పొలోనియం-210 ఆవిరై బ్యాగ్ ఫిల్టర్‌లో చేరతాయి. తగరం తీసినప్పుడే అవి చాలా వరకు ఎగిరిపోయి ఉంటాయి కానీ, సీసం-210 అర్ధాయువు 22 ఏళ్లు. మీ కుప్ప అరవై ఏళ్ల నాటిదైతే రేడియం-226 నుంచి అది చాలా వరకు మళ్లీ పెరిగి ఉంటుంది. మీటర్‌కు ఈ రెండూ దాదాపు కనిపించవు. ఆ దుమ్మును ల్యాబ్‌కు పంపి కొలిపించాల్సిందే. వేడి పద్ధతిలో ఫాస్ఫరస్ తయారుచేసే ప్లాంట్లలో దుమ్ము విషయంలో ఇదే సమస్య.

కుప్ప చిన్నదైతే సొంత ప్లాంట్ ఆలోచన మానుకుని, ఇలాంటి సరుకు తీసుకోవడానికి లైసెన్స్ ఉన్న టాంటలం ప్రాసెసర్‌కు అమ్మేయండి. రవాణాలో ఒక వెసులుబాటు ఉంది. సహజ థోరియం, యురేనియం ఉన్న ఖనిజాలకు అంతర్జాతీయ రవాణా నిబంధనలు గ్రాముకు 10 బెక్వెరెల్ దాకా మినహాయింపు ఇస్తాయి. మీ రెండు అంకెలు కలిపితే 7.8. గీత లోపలే ఉన్నారు, కానీ అంచుకు దగ్గరగా. శాంపిల్ తప్పయితే దాటేస్తారు. గీత లోపల ఉన్నా కొన్ని షిప్పింగ్ లైన్లు, పోర్టులు ఇలాంటి సరుకు ఎక్కించుకోవడానికి ఒప్పుకోవు. టాంటలం వ్యాపారంలో ఉన్నవారికి ఇది పాత తలనొప్పి. ఒప్పందానికి ముందే ఎవరు తీసుకెళ్తారో అడగండి.

"మిగిలిన చోట్ల అందరూ వ్యర్థం నుంచి లోహాలు తీస్తున్నారు కదా" అని కూడా రాశారు. అన్ని వ్యర్థాలూ ఒక్కటి కాదు. బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే రెడ్ మడ్‌లో స్కాండియం ఉంటుంది, థోరియం సాధారణంగా 100 పీపీఎం దగ్గర ఉంటుంది, అంటే గ్రాముకు 0.4 బెక్వెరెల్. అక్కడ పెద్ద ప్రమాదం క్షారం. 2010 అక్టోబర్‌లో హంగరీలోని అయ్‌కా దగ్గర గట్టు తెగి పదిమంది చనిపోయింది ఆ క్షారపు బురద ముంచెత్తడం వల్లే, రేడియేషన్ వల్ల కాదు. టైటానియం పరిశ్రమ వ్యర్థ ద్రావణం నుంచి కెనడాలోని సోరెల్-ట్రేసీలో రియో టింటో 2022లో స్కాండియం ఆక్సైడ్ ఉత్పత్తి మొదలుపెట్టింది. అలాంటి ద్రావణాల్లో లోహం అప్పటికే కరిగి ఉంటుంది, కొత్తగా దేన్నీ విప్పనక్కర్లేదు. అందుకే నాకు వాటి మీద ఆశ ఎక్కువ. ఫాస్ఫోజిప్సం విషయం మధ్యస్థం. ఎరువుల ప్లాంట్‌లో ఫాస్ఫేట్ రాయిని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కరిగించినప్పుడు యురేనియం ఎక్కువగా ఫాస్ఫారిక్ యాసిడ్‌లోకి, రేడియం, రేర్ ఎర్త్స్ ఎక్కువగా జిప్సంలోకి పోతాయి. రేర్ ఎర్త్స్ తీసినంత మాత్రాన జిప్సంలోని రేడియం పోదు.

నిల్వ సంగతి తేల్చుకోకుండా మొదలుపెడితే ఎలా ఉంటుందో మలేషియా చూసింది. బుకిట్ మెరాలో తగరం గనుల తవ్వకంలో మిగిలిన మోనజైట్ (థోరియం కూడా ఉండే రేర్ ఎర్త్స్ ఖనిజం) నుంచి రేర్ ఎర్త్స్ తీసే ప్లాంట్ 1982లో మొదలైంది. థోరియం ఉన్న వ్యర్థం నిల్వ మీద ప్రజల ఆందోళన, కోర్టు కేసులు నడిచి 1990లలో మూతపడింది. శుభ్రం చేయడం ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది. అదే దేశంలో గెబెంగ్‌లో లైనస్ కంపెనీ రేర్ ఎర్త్స్ ప్లాంట్‌ది ఇంకో అనుభవం. థోరియం చేరిన లీచింగ్ మడ్డి టన్నులకు టన్నులు పేరుకుని, శాశ్వత నిల్వ ఎక్కడ అన్న ప్రశ్న లైసెన్స్ షరతుగా మారింది. ఖనిజాన్ని విప్పే మొదటి దశ కోసం ఆ కంపెనీ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీలో వేరే ప్లాంట్ కట్టాల్సి వచ్చింది. రెండు చోట్లా లోహం తీసే రసాయన పద్ధతి బాగానే పనిచేసింది.

ఉత్పత్తి శుభ్రంగా ఉందని నిరూపించడం కూడా మీ బాధ్యతే. అమెరికాలో గత శతాబ్దం మధ్యలో, ఆసుపత్రుల్లో క్యాన్సర్ చికిత్సకు రేడాన్ నింపి వాడిన బంగారు గొట్టాలు కరిగిపోయి నగల బంగారంలో కలిశాయి. రేడాన్ కొన్ని వారాల్లో పోయింది, దాని సంతతి సీసం-210 బంగారంలోనే ఉండిపోయింది. ఉంగరాలు పెట్టుకున్నవారికి ఏళ్ల తర్వాత వేళ్లపై పుండ్లు, కొందరికి క్యాన్సర్ వచ్చాయి. కరిగించడం అన్నిసార్లూ శుద్ధి చేయదు. ఉక్కు కరిగిస్తే యురేనియం స్లాగ్‌లోకి, సీజియం దుమ్ములోకి పోతాయి. కోబాల్ట్-60 మాత్రం ఉక్కులోనే ఉంటుంది. 1983-84లో మెక్సికోలోని హువారెస్‌లో తుక్కులో కలిసిన కోబాల్ట్ మూలం అలాగే ఇళ్ల ఇనుప కడ్డీల్లోకి చేరింది. మీ టాంటలం ఆక్సైడ్‌లో థోరియం, యురేనియం ఎంత మిగిలాయో ప్రతి లాట్‌కూ సర్టిఫికెట్ ఉండాలి.

ఇప్పుడు చేయాల్సింది. కుప్పను గళ్లుగా విభజించి, ప్రతి గడిలో పైనుంచి అడుగు దాకా డ్రిల్ చేసి శాంపిల్స్ తీయించండి. రసాయన విశ్లేషణతో పాటు గామా స్పెక్ట్రోమెట్రీ చేయించండి. శాంపిల్‌ను గాలి చొరబడని డబ్బాలో మూడు నాలుగు వారాలు ఉంచాకే లెక్కించమని రాతపూర్వకంగా అడగండి, లేకపోతే రేడాన్ తప్పించుకుని రేడియం-226 తక్కువగా కనిపిస్తుంది. 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పీక్ ఒక్కదాని మీద రేడియం-226 అంకె ఇచ్చే రిపోర్ట్‌ను ఒప్పుకోకండి, ఆ చోటే యురేనియం-235 పీక్ కూడా పడుతుంది. బిస్మత్-214ది 609 దగ్గర ఉన్న పీక్‌తో సరిపోల్చమనండి. సీసం-210, పొలోనియం-210 విడిగా కొలిపించండి.

ఆ అంకెలతో కన్సల్టెంట్‌ను మళ్లీ కూర్చోబెట్టండి. ప్రతి దశలో థోరియం-232, రేడియం-228, రేడియం-226, సీసం-210, యురేనియం ఎంత లోపలికి వెళ్లాయో, ఎంత బయటికి వచ్చాయో, ఎంత పరికరాల్లో మిగిలిందో రాయమనండి. పైలట్ స్కేల్‌లో కొన్ని బ్యాచ్‌లు నడిపి ఆ అంకెలను సరిచూడమనండి. లోపలికి వెళ్లినదీ బయటికి వచ్చినదీ కలిస్తే చాలా మంచిది. రేడియంలో ఐదో వంతు ఎక్కడుందో తేలకపోతే అది ఏదో పైపులోనో ట్యాంకులోనో కూర్చుని ఉందని అర్థం, వెతకాల్సిందే. ఆ పట్టికలో చివరి వరుసలో చేరిన మడ్డిని తీసుకోవడానికి లైసెన్స్ ఉన్న నిల్వ స్థలం నుంచి రాతపూర్వక సమ్మతి, నియంత్రణ సంస్థ నుంచి దానికి అనుమతి చేతికి వచ్చే దాకా కన్సల్టెంట్‌కు రెండో వాయిదా చెల్లించకండి, స్లాగ్ కుప్పకు అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.